మలుగులు కొలిచే స్కేలక్క

స్కేలక్కకి అసలు పేరు లేక కాదు. ఉంది, జీతమిచ్చే చోట భద్రంగానే ఉంది. కానీ ఏప్రన్ జేబులోంచి ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు తొంగిచూస్తూ ఉంటుంది కాబట్టి, చేపల తనిఖీ లాబ్‌లో చేరిన కొత్తలో ఎవరో సరదాకి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. ఆమె కూడా అభ్యంతరం చెప్పలేదు. ఈమధ్య ఆమెకి దేనిమీదా అభ్యంతరం ఉండటం లేదు. అసలు గొడవంతా అదే.

ఆమె పని మలుగులతో. మలుగంటే పాములా పొడుగ్గా, పట్టుకుంటే జారిపోయేలా ఉండే చేప. పాము కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా, లాబ్ చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా కెవ్వుమనకుండా ఉండరు. వీటిలో చాలా జాతులున్నాయి. కొన్నిటిని పట్టి అమ్ముకోవచ్చు. కొన్ని తరిగిపోతున్నాయని వాటి అమ్మకం ఆపేశారు. ఆపేసినవాటికే గిరాకీ ఎక్కువ, అది ఎప్పుడూ ఉండే భాగోతమే. అందుకని ఒకదాని పేరు చెప్పి ఇంకొకదాన్ని పెట్టెల్లో సర్ది, గుట్టుచప్పుడు కాకుండా రేవు దాటించేస్తుంటారు. ఏ పెట్టెలో ఏ జాతి ఉందో తేల్చి చెప్పడం స్కేలక్క ఉద్యోగం.

ముందు ఒళ్ళు చూడాలి. చేపని మంచు మీద తిన్నగా పడుకోబెట్టి, వీపు మీద రెక్క ఎక్కడ మొదలైందో చూస్తుంది. తర్వాత కడుపువైపు మలద్వారం ఎక్కడుందో చూస్తుంది. రెండింటికీ మధ్య బాగా దూరముంటే పొడుగు రెక్క జాతి, దాదాపు ఎదురెదురుగా ఉంటే పొట్టి రెక్క జాతి. ఒంటిమీద మచ్చలున్నాయా, ఒకటే రంగా? నోరు తెరిస్తే పై దవడలో పళ్ళ వరస వెడల్పుగా ఉందా, సన్నగా ఉందా? ఇంతవరకూ స్కేలూ కళ్ళూ చాలు. అయితే కొన్ని జాతులు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. పిల్లలైతే ఇక చెప్పక్కర్లేదు, గాజుపుల్లల్లా అన్నీ ఒకటే. తలా తోలూ తీసేసి ముక్కలుగా పంపితే కొలవడానికి ఏముంటుంది, గాడిదగుడ్డు!

అప్పుడు గోరంత ముక్క కత్తిరించి, చిన్న గొట్టంలో వేసి, మందు పోసి మిషన్‌కి అప్పగించాలి. ప్రాణి కణాల్లో తల్లి దగ్గర్నుంచి మాత్రమే వచ్చే జన్యువు ముక్క ఒకటి ఉంటుంది. అందులో తండ్రికి వాటా లేదు. తల్లికి ఎలా ఉంటే బిడ్డలందరికీ అలాగే ఉంటుంది. దాన్ని చదివి, ముందే జాతి తెలిసిన చేప నమూనాతో పోలిస్తే, పెట్టెలోది ఏమిటో బయటపడుతుంది.

"ఒళ్ళు ఒకటి చెప్పి మిషన్ ఇంకొకటి చెబితే ఎలాగక్కా?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు.

"మిషన్ చెప్పిందే రాయి. కంటికి మొహమాటాలుంటాయి. దానికుండవు."

ఆ విషయంలో ఆమెతో ఎవరూ వాదన పెట్టుకోరు. పెట్టుకుంటే ఆ పూటంతా పాఠం వినాల్సి వస్తుంది.

ఇంట్లో వాదించేవాడు మాత్రం ఒకడుండేవాడు. అన్న. నది సముద్రంలో కలిసే చోట చిన్న మోటారు పడవలో తిరుగుతూ, బుట్టలు వేసి మలుగుల్ని పట్టేవాడు. పట్టేవాడు ఒకడు, కొలిచేది ఒకతి, ఇల్లంతా చేపల కంపు అని అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది. అన్న అప్పుడప్పుడూ ఒక మలుగుని బకెట్‌లో తెచ్చి వంటగది గట్టుమీద పెట్టి, "చెప్పవే, ఇది మనదేనా?" అనేవాడు. మనదంటే మన నదిలో దొరికే జాతి అని.

"ఇంట్లో కొలవను. కొలిస్తే జీతమివ్వాలి."

"జీతమా? చిన్నప్పుడు నిన్ను భుజాలమీద మోసి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నాకెవరిచ్చారే జీతం?"

అది నిజమే. ఆమెని భుజాలమీద ఎక్కించుకుని పిట్టగోడ మీద నడుస్తూ జారిపడ్డాడట. చెల్లెలికి దెబ్బ తగలకూడదని ఎడంచెయ్యి కింద పెట్టాడు. ఆమెకి గీత కూడా పడలేదు. అతని ముంజెయ్యి మాత్రం కాస్త వంకరగా అతుక్కుంది. ఆ వంకరని అడ్డం పెట్టుకుని ఇంట్లో ఏ బరువు పనీ చేసేవాడు కాదు, పడవ మాత్రం ఒంటిచేత్తో ఒడ్డుకి లాగేవాడు. పెళ్ళి మాటెత్తితే చాలు, అతనికి పడవలో ఏదో పని గుర్తొచ్చేది.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఆ పడవ బోర్లాపడి కనిపించింది. బుట్టలు దొరికాయి. అన్న దొరకలేదు.

ఇంటినిండా జనం వచ్చారు, ఏడ్చారు, వెళ్ళారు. స్కేలక్కకి ఏడుపు రాలేదు. రోజంతా మంచులో చేతులు పెట్టి పనిచేస్తే వేళ్ళు మొద్దుబారతాయి, గోరువెచ్చని నీళ్ళలో పెడితే తేరుకుంటాయి. ఆమె లోపల కూడా అలాగే మొద్దుబారింది, తేరుకోవడం మాత్రం జరగలేదు. వేళకి తింది, వేళకి పడుకుంది, పనికి వెళ్ళింది, వచ్చింది. గుండె రాయి చేసుకుందని కొందరన్నారు. దానికి చీమ కుట్టినట్టయినా లేదని కొందరన్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. రెండింటికీ ఏమీ అనిపించలేదు.

అమ్మ దారి వేరు. అమ్మ ఏడవలేదు, ఎందుకంటే అమ్మ లెక్కలో అతను పోలేదు. "ఎక్కడో ఒడ్డుకి చేరి ఉంటాడు, వస్తాడు" అంది మొదటిరోజు. ఇప్పటికీ అదే అంటుంది. నాన్న ఎప్పుడో పోయాడు కాబట్టి ఆమె మాటకి ఎదురు చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. అన్న చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. బాత్‌రూమ్‌లో అద్దం కింద గ్లాసులో మూడు బ్రష్షులున్నాయి, అమ్మదీ, తనదీ, అన్న నీలం బ్రష్షూ.

స్కేలక్కకి లాబ్ అలవాటు ఇంటికీ అంటుకుంది. ఆదివారం వస్తే ఆ గ్లాసునీ అందులోవాటినీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచి కడిగితే గానీ ఆమెకి తోచదు. ఆమె కడగడానికి దిగేసరికి అమ్మ ఎక్కడున్నా వచ్చేస్తుంది. నీలం బ్రష్షు తీసి పట్టుకుని, కడగడం అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, ఆరిన గ్లాసులో మళ్ళీ పెట్టి వెళ్తుంది.

"దాన్ని కూడా ఇవ్వమ్మా, కడుగుతాను."

"వద్దు. వాడిది వాడొచ్చి కడుక్కుంటాడు."

మూడేళ్ళుగా ఇదే తంతు. స్కేలక్కకి విసుగొచ్చేది. ఆమెలో మిగిలింది ఆ విసుగు ఒక్కటే.

పోయిన నెల నది ముఖంలో పూడిక తీస్తున్న యంత్రానికి ఎముకలు తగిలాయి. ప్రభుత్వాసుపత్రి డాక్టరు, తప్పిపోయినవాళ్ళ ఇళ్ళన్నిటికీ వరసగా ఫోన్లు చేస్తూ, వీళ్ళింటికీ చేశాడు.

"చాలాకాలం బురదలో నానాయమ్మా. తల్లివైపు జన్యువు ముక్క ఒక్కటే చదవగలిగాం. మీ అమ్మగారిని తీసుకురండి. లేదంటే ఆయన వాడిన బ్రష్షు గానీ దువ్వెన గానీ ఉన్నా తీసుకురండి. వచ్చే నెలాఖరులోగా ఎవరిదీ కాదని తేలితే, నంబరు వేసి మేమే పాతిపెట్టేయాలి."

తల్లివైపు ముక్క అన్న మాట వినగానే స్కేలక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"బ్రష్షు పనికిరాదండీ. ఒకే గ్లాసులో మూడు బ్రష్షులు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. మా లాబ్‌లో అలాంటి శాంపిల్‌ని గుమ్మం తొక్కనివ్వం. మా అమ్మని కూడా తిప్పడమెందుకు? నేను చెల్లెల్ని. ఆ ముక్క తోడబుట్టినవాళ్ళందరికీ ఒకటే కదా, నాది తీసుకోండి."

ఇంత తెలిసిన మనిషి ఫోన్లో దొరకడం డాక్టరుకీ హాయిగానే ఉంది. సరేనన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ కూరగాయలు తరుగుతుంటే స్కేలక్క ఎదురుగా కూర్చుని, కొత్తగా చేరినవాళ్ళకి చెప్పినట్టే అంతా చెప్పింది. ఎముకల సంగతి వినగానే అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

"వాడు కాదు" అంది.

"కాకపోతే కాదనే తేలుతుంది. పరీక్షే కదా."

"అంటే, నీది ఇస్తే సరిపోతుందా? నాది అక్కర్లేదా?"

"అక్కర్లేదు. నీకున్నదే నాకుంటుంది, అన్నయ్యకీ అదే ఉంటుంది."

"వాడి వస్తువులేవీ అడగరుగా?"

"అబ్బబ్బ, అక్కర్లేదని చెప్పాగా."

అమ్మ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "అయితే నీదే ఇవ్వు" అంది, తలెత్తకుండా.

ఆసుపత్రిలో బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసుకున్నారు. తర్వాత పిలిచి, వరండాలో బెంచీ దగ్గరే నిలబెట్టి చెప్పాడు డాక్టరు. "కలవలేదమ్మా. మీ అన్నగారు కాదు. ఇంకా ఆశ పెట్టుకోవచ్చు."

ఆమె తలూపింది. సంతోషం రాలేదు. రావాలి కదా అనుకుని కాసేపు చూసింది, అయినా రాలేదు. వెళ్ళబోతూ, అలవాటు కొద్దీ అడిగింది. "ఒళ్ళు ఏం చెప్పిందండీ?"

"అంటే?"

"ఎముకల్లో గుర్తులేమైనా ఉన్నాయా అని."

"ఆఁ, ఉన్నాయి. మగమనిషి, పొడగరి, వయసులో ఉన్నవాడే. ఎడం ముంజేతి ఎముక చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది."

ఆమె తన ఎడం ముంజేతిని కుడిచేత్తో పట్టుకుంది. డాక్టరుకి అర్థమైంది. "చిన్నప్పుడు చేతులు చాలామందికి విరుగుతాయమ్మా" అన్నాడు మెల్లగా.

"అవునండీ" అంది స్కేలక్క. మిషన్ చెప్పిందే రాయమని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతున్నది తనే. ఇప్పుడు తనదాకా వచ్చేసరికి ప్లేటు ఫిరాయించడం ఏం మర్యాద? బస్సెక్కి ఇంటికి వచ్చి, కాదన్నారమ్మా అని చెప్పింది. "నే చెప్పలా" అంది అమ్మ. ఆ రాత్రి అమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు లాబ్‌లో స్కేలక్క ఒకే మలుగుని మళ్ళీ మళ్ళీ కొలుస్తోంది. పక్క బల్ల దగ్గరున్న సైంటిస్టు మేడమ్ చూసి చూసి నవ్వింది. "ఏంటి స్కేలక్కా, కొలిచి కొలిచి దాన్ని పొడుగు చేస్తావా?"

"మేడమ్, ఒక సంగతి. ఒళ్ళంతా ఒకటే జాతి అంటోంది. మిషన్ కాదంటోంది. తప్పెక్కడుంటుంది?"

"చేపలోనూ ఉండకపోవచ్చు, మిషన్‌లోనూ ఉండకపోవచ్చు. మనం దేనితో పోల్చామో ఆ నమూనాని చూడాలి. అది ఈ జాతిదే అని మనమే అనుకుని సీసాలో పెట్టుకుంటాం. అది ఇంకో జాతిదై ఉంటే? అసలైనది వచ్చినా కలవదు కదా."

ఆ ముక్క స్కేలక్కకి తెలియనిదేమీ కాదు. నమూనాల సీసాలు ఎన్నిసార్లు సరిచూసిందో. కానీ ఆసుపత్రిలో అన్నతో పోల్చడానికి సీసాలో పెట్టుకున్న నమూనా తనే అన్నది ఇప్పుడే తట్టింది. స్కేలు బల్లమీద పెట్టేసి, తలనొప్పిగా ఉందని చెప్పి, ఏప్రన్‌తోనే బయటపడింది. సగం దారిలో జనం చూస్తుంటే అప్పుడు విప్పింది.

అమ్మ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. స్కేలక్క చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వచ్చి అడిగేసింది. "అమ్మా, నేను నీ కడుపున పుట్టలేదా?"

అమ్మ గుడ్లప్పగించి చూసింది. "నీకేమైనా మతిపోయిందా? నిన్ను కనేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. నువ్వు..." అని ఆగింది. చేతిలో తువ్వాలు సగం మడతలో ఉండిపోయింది. "నువ్వు నాకే పుట్టావు."

"మరి?"

అమ్మ తువ్వాలు పూర్తిగా మడతపెట్టి దొంతిలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. చెప్పదేమో అనుకుంది స్కేలక్క.

"పక్కింటావిడ కాన్పులో పోయింది" అంది అమ్మ, తువ్వాలు వైపు చూస్తూనే. "వాళ్ళాయన ఆ పసిగుడ్డుని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. ఒక్క వారం చూసుకోమ్మా, వేరే ఊళ్ళో పనుంది, చూసుకుని వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ వారం ఇంకా అవలేదు."

"అన్నయ్యకి తెలుసా?"

"ఎవరు చెబుతారు? కొన్నాళ్ళు వాళ్ళ నాన్న వస్తాడేమో, పట్టుకుపోతాడేమో అని తలుపు చప్పుడైతే హడిలిపోయేదాన్ని. తర్వాత తర్వాత నాకే గుర్తుండేది కాదు. వాడికి జ్వరమొస్తే నా పోలికేనే, ఊరికే ఒళ్ళు వేడెక్కుతుంది అనేదాన్ని. మీ నాన్న కూడా నిజమే అనేవాడు."

స్కేలక్క మంచం అంచున కూర్చుంది. మిషన్ అబద్ధం చెప్పలేదు. కన్నతల్లి ఒకరేనా అని అడిగారు, కాదంది. అంతే.

"కలవదని నీకు ముందే తెలుసు కదమ్మా. నేనిస్తానంటే ఎందుకు ఊరుకున్నావు? పైగా నీదే ఇవ్వు అన్నావు."

"తెలిసే ఇవ్వమన్నాను" అంది అమ్మ. "వాళ్ళు కాదంటారు కదా. వాళ్ళు కాదంటే వాడు ఎక్కడో ఉన్నట్టే కదా."

స్కేలక్కకి కోపం వచ్చింది. మూడేళ్ళ తర్వాత వచ్చిన కోపం, ఎలా పట్టుకోవాలో తెలియలేదు. అరుద్దామనుకుంది. చివరికి వచ్చిన మాట చాలా మామూలుగా వచ్చింది.

"ఎడంచెయ్యమ్మా. వంకరగా అతుక్కుంది."

"చెప్పకు."

"నన్ను మోస్తూ పడ్డప్పటిదే."

"చెప్పకన్నానా!"

"నెలాఖరున నంబరు వేసి పాతేస్తారు. వారంలో వస్తానని చెప్పి వాళ్ళ నాన్న వదిలేసి పోయాడు. ఇప్పుడు మనమూ వదిలేద్దామా?"

అమ్మ మడతపెట్టిన బట్టల్నే విప్పి మళ్ళీ మడతపెట్టింది. చీకటి పడ్డాక లైటు వేసింది స్కేలక్క. అన్నం ఎవరూ వడ్డించుకోలేదు.

పొద్దున్నే ఆమె డాక్టరుకి ఫోన్ చేసింది. అన్న వాడిన బ్రష్షు తెస్తానంది.

"మీరే కదమ్మా పనికిరాదన్నారు?"

"తప్పు నాదేనండీ. నాది మీ దగ్గర ఉంది. మా అమ్మది కూడా ఇప్పిస్తాను. మా ఇద్దరిదీ పక్కన పెట్టేస్తే మిగిలింది అతనిదే. దాన్ని ఎముకలతో పోల్చండి."

ఎందుకు పక్కన పెట్టాలో, అన్నాచెల్లెళ్ళది వేరేగా ఎలా ఉంటుందో ఆయన అడగలేదు. "దాన్ని ఎప్పుడైనా కడిగారా?" అని మాత్రం అడిగాడు.

"లేదండీ. మిగతావన్నీ నేను బ్లీచింగ్‌లో కడిగాను. దాన్ని మా అమ్మ కడగనివ్వలేదు."

చెబుతుంటేనే ఆమెకి తట్టింది. ప్రతి ఆదివారం తను విసుక్కుంటూ చెయ్యి చాపింది. అమ్మ ఒక్కసారి ఇచ్చి ఉంటే, పరీక్షకి పనికొచ్చే అన్న ఆనవాలు ఆ ఇంట్లో ఇవాళ ఏదీ మిగిలేది కాదు.

చేతులకి తొడుగులు వేసుకుని, కాగితం కవరు పట్టుకుని బాత్‌రూమ్ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఎప్పటిలాగే అమ్మ వచ్చేసింది. ఎప్పటిలాగే గ్లాసులోంచి నీలం బ్రష్షు తీసింది. కొన పట్టుకోమ్మా, కుచ్చుని ముట్టుకోకు అందామనుకుని స్కేలక్క నోరు మూసుకుంది. మూడేళ్ళుగా అమ్మ ఎప్పుడూ కొనే పట్టుకుంటోంది.

అమ్మ బ్రష్షుని ఇవ్వలేదు, వెనక్కి పెట్టలేదు. స్కేలక్క కవరు నోరు తెరిచి పట్టుకుంది.

"పరీక్ష అయ్యాక తిరిగిస్తారా?" అంది అమ్మ.

"బ్రష్షు ఇవ్వరమ్మా" అంది స్కేలక్క. "అన్నయ్యని ఇస్తారు."

అమ్మ బ్రష్షుని తనే కవర్లో పెట్టింది.